అట్లతద్దినాటి తేదీ

మా సబ్‌సెంటర్ పరిధిలో ఆడవాళ్ళెవరూ తేదీలు చెప్పరు. ఆఖరి నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగితే పండగలు చెబుతారు. ఏ పూజకి దూరంగా కూర్చున్నారో అది మాత్రం మర్చిపోరు. అందుకని ట్యాబ్ సంచిలో పంచాంగం కేలండర్ కూడా పెట్టుకు తిరిగేదాన్ని. నర్సుకి పంచాంగమేంటని మా డాక్టరుగారు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, నా తేదీలు తప్పవని నా ధీమా.

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఒకమ్మాయిని ఓ చలికాలం వాళ్ళత్తగారు వెంటబెట్టుకొచ్చింది. అంతకుముందు ఒకసారి మూడో నెలలో కడుపు పోయింది. నేను అడగ్గానే అత్తగారే అందుకుంది.

"అట్లతద్దినాడు బయటుందండి నర్సమ్మగారూ. వాయనాలు నేనొక్కదాన్నే ఇచ్చాను."

అమ్మాయి తలొంచుకుంది. నేను కేలండర్ చూసి తేదీ కొట్టాను. కాన్పు జూలైలో అని యాప్ లెక్కకట్టేసింది. అందులో ఉన్నది ఒక్కటే గడి. ఆ తేదీ ఎవరు చెప్పారో, దేన్నిబట్టి చెప్పారో రాయడానికి చోటు లేదు.

తర్వాత స్కానింగ్ రిపోర్టు తీసుకుని అత్తాకోడళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. బిడ్డ వయసు నా లెక్కకన్నా ఆరు వారాలు ఎక్కువ. వారం అటూ ఇటూ అయితే సర్దుకుంటాం, ఆరు వారాలేంటి! నాకు చిర్రెత్తుకొచ్చింది. జూలైని నమ్ముకుని కూర్చుంటే నెలలు నిండి దాటిపోతున్నా ఇంకా టైముందనే అనుకుంటాం, బిడ్డ ప్రాణం మీదకొస్తుంది. బరువు చూసే వంకతో అమ్మాయిని లోపలికి పిలిచి గట్టిగానే అడిగాను.

ఏడ్చేసింది. "వినాయక చవితి మర్నాడు వచ్చిందండి, మళ్ళీ రాలేదు. అట్లతద్దికి చంద్రుడొచ్చేదాకా మంచినీళ్ళు కూడా తాగకూడదు కదండి. కిందటిసారిలా అవుతుందేమోనని భయమేసింది. నిలబడేదాకా ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. అందుకే బయట చేరానని చెప్పేశాను. నోముకి అబద్ధమాడానని తెలిస్తే అత్తయ్యగారు మళ్ళీ నా మొహం చూడరు. తేదీ మార్చకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆ పిల్ల తల నిమిరాను. కానీ మార్చకుండా ఎలా? మారిస్తే తల్లీబిడ్డల కార్డు మీదా రాయాలి, కార్డేమో అత్తగారి చేతిలో ఉంది.

బయటికొచ్చి, "స్కాన్‌ని బట్టి తేదీ మారుతుందండి, జూన్ మొదటివారం" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆవిడ కార్డు నాకిస్తూ గొంతు తగ్గించింది. "మార్చెయ్యండమ్మా. అట్ల వాసనకి పెరట్లో వాంతులు చేసుకోవడం నేను చూడలేదనుకున్నారా? తనే చెబుతుందిలే అని ఊరుకున్నాను. మీరడిగినప్పుడు అది పక్కనే తలొంచుకుని ఉంటే, దాని మాట ఎలా తీసెయ్యను? నాకు తెలుసని మాత్రం దానికి చెప్పకండి."

తేదీ ఎందుకు మారుస్తున్నారని యాప్ అడిగింది. స్కాన్ అని నొక్కాను. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆ అక్షరాలు సరిగ్గా కనబడలేదు.

జూన్ మొదటివారంలోనే ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ అట్లతద్ది వెళ్ళాక ఆ అమ్మాయి పాపని తూకం వేయించడానికి తెచ్చింది.

"ఈ ఏడు ఉపవాసం వద్దన్నారండి అత్తయ్యగారు. తెల్లారగానే మంచినీళ్ళ చెంబు తెచ్చి చేతికిచ్చారు." పాప గౌను సర్దుతూ, "ఆవిడకి తెలిసిపోయిందంటారా?" అంది.

"ఏమోనమ్మా" అని పాప బరువు రాసుకున్నాను.