మూడు పాయింట్ ఎనిమిదికి పారిపోయినవాణ్ణి

నన్ను చిన్నచూపు చూసినవాళ్లందరూ నాకు గుర్తే. గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ టవళ్లు పంచి, నా దగ్గరికి వచ్చేసరికి అయిపోయాయన్న మేనత్త కొడుకు గుర్తున్నాడు. పడవలకు నేను అమ్మే ఐసు చేతిలోనే కరిగిపోతుందని రేవులో అందరి ముందు అన్న వ్యాపారి గుర్తున్నాడు. నా అర్జీ మీద టీ గ్లాసు పెట్టిన గుమాస్తా కూడా గుర్తున్నాడు. సోమవారం మండలాఫీసులో అర్జీలు తీసుకుంటారు కాబట్టి సోమవారం నేను మా మండల కేంద్రం కోటలో ఉంటాను. వీధి దీపం వెలగకపోయినా, రేషను బియ్యం తూకం తగ్గినా, కాలువ పూడిపోయినా అర్జీ పెడతాను. అలా అర్జీ పెట్టినందుకు ఎప్పుడూ సిగ్గుపడలేదు, ఒక్క భూకంపం విషయంలో తప్ప.

ఆ రోజు పొద్దున నేను ముందు గదిలో కూర్చుని దోసె తింటున్నాను. నా భార్య పెరట్లో కానాగంత చేపలు శుభ్రం చేస్తోంది. మొదట కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. గాలి అనుకున్నాను. అంతలో ఎవరో కుర్చీని కింద నుంచి పట్టుకుని కుదిపినట్టయింది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి.

వేరే ఊళ్లో నేల ఊగితే ఇల్లు కూలుతుందని భయపడతారు. మా ఊళ్లో సముద్రం వస్తుందని భయపడతారు. సునామీ నీళ్లు వీధుల్లోకి రావడం కళ్లారా చూసినవాళ్లం. నేల కదిలితే వెనక్కి చూడకుండా తుపాను షెల్టరుకు పరిగెత్తాలని అప్పటి నుంచి బడికి వెళ్లే పిల్లలకు కూడా చెబుతూ వచ్చాం. ఆ షెల్టరు ఊరికి పడమర, కోట రోడ్డు పక్కన, ఎత్తయిన స్తంభాల మీద ఉంటుంది.

నేను చెయ్యి కూడా కడుక్కోలేదు. బండి తీసుకుని షెల్టరుకు వెళ్లిపోయాను. మెట్లెక్కి మేడ మీద నిలబడి ఊరి వైపు చూశాను. రోడ్డు మీద ఎవరూ రావడం లేదు. దూరంగా సముద్రం రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. కింద మేకలు తోలుకుపోతున్న ముసలాయన తలెత్తి చూశాడు.

"ఏందబ్బయ్యా, ఒక్కడివే వచ్చుండావు. మీ ఇంటామె యాడ?"

ఆయన అడిగేదాకా ఆమె నాకు గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేసరికి వీధిలో నలుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో నా భార్య ఉంది, చేతులకు చేప పొలుసులతో. పక్కన ఆమె తమ్ముడున్నాడు. అతనిది మా పక్కిల్లే. గోడ దూకి వచ్చి అక్కను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడట. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"చెయ్యి కడుక్కో మామా. ఇంకో దోసె వేస్తా," అని లోపలికి వెళ్లింది.

అంతే. ఆ రోజు తిట్టలేదు, మర్నాడు తిట్టలేదు. తిడితే ఏమనాలో నేను సిద్ధం చేసి పెట్టుకున్నాను. నా కాళ్లే నన్ను తీసుకుపోయాయని, అందరికీ చెబుతూ వచ్చిన మాట ప్రకారమే చేశానని చెప్పాలనుకున్నాను. ఆమె అడగనే లేదు.

అడగాల్సినదంతా ఆమె తమ్ముడు అడిగాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గర టీవీలో భూకంపం వార్త వచ్చింది. తీవ్రత మూడు పాయింట్ ఎనిమిది అని కింద అక్షరాలు పరిగెత్తాయి. బల్లల మీద కూర్చున్నవాళ్లంతా ఒకేసారి నా వైపు తిరిగారు.

"మూడు పాయింట్ ఎనిమిదికి షెల్టరు దాకా పోయినావు బావా," అన్నాడు అతను. "ఆరయ్యుంటే గూడూరు పోయి రైలెక్కుండేవాడివి."

"రైలైతే ఇద్దరికి టికెట్టు తియ్యాల్సొస్తాది గదరా," అన్నాడు కొట్టతను.

నవ్వినవాళ్లు ఎవరెవరో నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆ వారమంతా ఐసు కోసం వచ్చిన ప్రతివాడూ "అన్నా, ఈ రోజు నేల ఎట్టుండాది?" అని అడిగి మరీ ఐసు ఎత్తుకున్నాడు.

నా కోపం ఆ అంకె మీదికి మళ్లింది. ఆరుకో ఏడుకో పరిగెత్తినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు, పాపం ప్రాణభయం అంటారు. మూడు పాయింట్ ఎనిమిదికి భార్యను వదిలిపెట్టి పోయినవాణ్ణి ఏమంటారు? ఎక్కడో నెల్లూరుకు అవతల ఏదో యంత్రం గీసిన గీత నా కుర్చీ ఎంత ఊగిందో ఎలా చెబుతుంది? నిజం చెప్పాలంటే, ఆమెకు చూపించడానికి నాకో పెద్ద అంకె కావాలి. మా ఊరి భూకంపాన్ని తగ్గించి చూపారని, మళ్లీ విచారించి సరిచేయాలని అర్జీ పెట్టాను. గోడ పగులు ఫోటో కూడా జతచేశాను. ఆ పగులు అంతకు ముందు వానల్లోనే వచ్చిందని నాకు తెలుసు.

నా అర్జీ చదివే వచ్చాడో, తీరంలో అన్ని ఊళ్లూ తిరుగుతూ వచ్చాడో తెలియదు, కొన్నాళ్లకు భూకంపాల గురించి తెలిసిన అధికారి ఒకాయన మా ఊరు వచ్చాడు. నేరుగా మా ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. వీధి సగం అక్కడికి చేరింది. బావమరిది గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. నా భార్య టీ ఇచ్చి గుమ్మంలో ఆగింది.

"ఐదూ ఆరూ నేనడగను సార్," అన్నాను. "నాలుగు పాయింట్ ఎనిమిదన్నా వెయ్యండి. పెరిగేది ఒక్కటే గదా. మీ సొమ్మేం పోతాది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కటి చిన్నది కాదండీ. ఈ కొలతలో అంకె ఒకటి పెరిగిందంటే పరికరం గీసే అల పది రెట్లు పెద్దదవుతుంది. భూమి లోపల విడుదలైన శక్తి అయితే సుమారు ముప్ఫై రెట్లు. రెండు పెరిగితే వెయ్యి రెట్లు."

"ఐసు గడ్డ బేరం అనుకున్నాడు సార్," అన్నాడు బావమరిది. జనం నవ్వారు.

ఆయన నవ్వలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పాలని చూశాడు. పడవ ఇంజను ఎన్ని హార్స్‌పవర్ అంటే ఎక్కడ నిలబడి అడిగినా అదే లెక్క అన్నాడు. దాని చప్పుడు మాత్రం పడవలో ఉన్నవాడికి ఒకలా, ఒడ్డున ఉన్నవాడికి ఒకలా వినిపిస్తుంది. భూకంపానికి కూడా అలాగే రెండో కొలత ఒకటుందట. ఏ ఊళ్లో ఎంత ఊగిందో చెప్పే కొలత. మాది ఇసుక నేల కాబట్టి ఊపు కాస్త ఎక్కువే ఉండొచ్చన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"దాన్ని దేంతో కొలుస్తారు సార్?"

"మీతోనేనండీ. మనుషుల్ని అడిగి."

అడగడం మొదలుపెట్టాడు. గిన్నెలు చప్పుడయ్యాయా? అయ్యాయన్నారు. నిద్రలో ఉన్నవాళ్లు లేచారా? చంటిపిల్లలు లేచారన్నారు. వేలాడే దీపాలు ఊగాయా? కొందరు ఊగాయన్నారు, కొందరు చూడలేదన్నారు.

"జనం భయపడి ఇళ్లు వదిలి పరిగెత్తారా?"

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. దేన్ని కప్పిపుచ్చుకోవడానికి పెద్ద అంకె అడిగానో, ఆ అంకెను ఆ పరుగుతోనే లెక్కకడతారని నాకు అప్పుడే తెలిసింది.

"ఒకడు పరిగెత్తినాడు సార్," అన్నాడు బావమరిది. "బండి మీద. దానికేమన్నా మార్కులుండాయా?"

"ఒక్కరైతే లెక్కకు రాదు. చాలామంది పరిగెత్తి ఉండాలి." ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "మీరేం చేశారమ్మా? ఇంట్లోనే ఉండిపోయారా?"

ఆమె చెప్పబోయేది నాకు తెలుసు. ఎవరేమన్నా మరిచిపోని నేను, ఆ మాట కూడా జీవితాంతం మోయక తప్పదనుకున్నాను.

"మా ఇంటాయన రమ్మని అరిచినాడు సార్," అంది ఆమె. "నేనే పోలేదు. చేపల్ని పిల్లి ఎత్తుకపోతాదని, నువ్వు పో మామా, నేనొస్తాలే అన్నా."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆ పెరట్లోకి దూకింది అతనే. నేను అరిచానో లేదో అతనికి తెలుసు. గోడ మీద నుంచి మోచేతులు తీసేశాడు. మిగతావాళ్లు కూడా నవ్వు ఆపారు. కొందరి ముఖాల్లో నా మీద జాలి లాంటిది కూడా కనిపించింది.

అధికారి లేస్తూ నా భుజం తట్టాడు. "పిలిచారు కదా, అదే ముఖ్యం. చాలామంది ఆ కంగారులో పిలవను కూడా పిలవరు." ఆ రెండో కొలతలో మీ ఊరికి నాలుగో ఐదో రావచ్చని చెప్పి జీపెక్కాడు. రేషను కార్డులో నా ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పుపడితే రెండేళ్లు తిరిగి దిద్దించుకున్నవాణ్ణి, ఆ తప్పుడు మాటను దిద్దడానికి నోరు తెరవలేకపోయాను.

అందరూ వెళ్లిపోయాక ఆమె పెరట్లో కూర్చుని టీ గ్లాసులు కడుగుతోంది. నేను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"ఎందుకట్టా చెప్పినావు?"

"అంతమందిలో మరేం చెప్పాల."

గ్లాసులన్నీ కడిగి బుట్టలో బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత పక్కింటికి వినపడకుండా గొంతు తగ్గించి అంది.

"పిలిచుంటే వచ్చేదాన్నే మామా. చేపలదేముండాది."