గుంజ దగ్గర ఆగిన వెలుతురు

దయ్యం కథలు చెప్పేవాళ్లను మా ఇంట్లో వరండా ఎక్కనిచ్చేవారు కాదు. నేనూ ఆ పద్ధతిలోనే పెరిగాను. పుట్టింది మొదలు ఈ కొండల్లోనే ఉన్నాను. చీకట్లో తిరిగాను, మంచులో తిరిగాను, ఏనాడూ ఏదీ నా కంట పడలేదు. ఇప్పటికీ దయ్యం ఉందని నేను అనడం లేదు. జరిగింది రాస్తున్నాను, అంతే.

మాది అరకు దగ్గర పాత ముఠాదారుల కుటుంబం. మా తాత కాలంలో చుట్టూ ఉన్న కొండ ఊళ్ల శిస్తు మా వరండాలోనే వసూలయ్యేది. ఇప్పుడు మిగిలింది పెంకులు జారిన ఇల్లు, కాస్త కాఫీ తోట. ఎవరి జాలీ నాకక్కర్లేదు కానీ విషయం అర్థం కావడానికి ఒకటి చెప్పక తప్పదు. ఇంట్లో పొయ్యి వెలిగేది మా చెల్లెలు సరళ జీతంతోనే.

సరళ ఇంట్లోంచే ఒక కంపెనీ కస్టమర్లతో ఫోన్లో మాట్లాడేది. ఇక్కడ గట్టి వాన పడితే కరెంటు పోతుంది, దాంతోపాటు సెల్ సిగ్నలూ పోతుంది. మాట మధ్యలో లైను తెగడం ఎక్కువైంది. ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకోకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని కంపెనీ తేల్చి చెప్పింది.

ఫైబర్ అప్పటికే రోడ్డు మలుపు దాకా వచ్చింది. అక్కడి స్తంభం నుంచి ఇంటికి తీగ లాగాలంటే మధ్యలో ఒక ఆధారం కావాలి. మా వాకిట్లో పాత గుంజ ఉంది. నల్లగా, నున్నగా, మనిషి కంటే కొంచెం ఎత్తు.

ఆ గుంజ పక్కనుంచే కొండ మీద ఊరివాళ్లు సంతకు వెళ్లే కాలిబాట. అడ్డాకుల కట్టయినా, అల్లం బుట్టయినా, నెత్తిన ఏ మోత ఉన్నా అక్కడికి రాగానే దించుతారు. కాసేపు నిలబడి, మళ్లీ ఎత్తుకుని పోతారు. మా ఇంటి మీద గౌరవం అది. చిన్నప్పటినుంచీ ఇంటికొచ్చిన ప్రతి అతిథికీ నేను అలాగే చెప్పాను.

తీగ వేయడానికి సాలూరు నుంచి అప్పలరాజు వచ్చాడు. గుంజకు కొక్కెం బిగిస్తుంటే బుద్రి ఆగింది. మా తోటలో కాఫీ పళ్లు కోసే ముసలమ్మ ఆమె.

"దానికి కట్టొద్దు బాబూ. అక్కడేటీ ఎత్తి పెట్టకూడదు."

"గుంజ మాది. నీ దారిన నువ్వు పో," అన్నాను.

బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

తీగ బిగించాక ఇంట్లో పెట్టిన ఇంటర్నెట్ పెట్టె మీద పచ్చ దీపం రావాలి. ఎర్రదే వచ్చింది. అప్పలరాజు దగ్గర పెన్ను లాంటి టార్చి ఉంది. తీగలోకి ఎర్ర వెలుతురు పంపిస్తే, లోపల ఎక్కడ తెగిందో అక్కడ బయటికి కనిపిస్తుంది. సరిగ్గా గుంజ దగ్గర, నిప్పుకణికలా కనిపించింది.

తీగ మరీ వంగిందేమోనని వదులు చేశాడు. లాభం లేదు. కొత్త తీగ వేశాడు, అదీ అంతే. గుంజను వదిలేసి వెదురు బొంగు పాతి దాని మీదుగా లాగాడు. గుంజకు ఎదురుగా వచ్చేసరికి, దాన్ని తాకని తీగలో, మళ్లీ అదే ఎర్ర చుక్క. అక్కడ కోసి చూశాడు.

"ఎలకలు కొరికితే పైతోలు పోద్ది బాబూ. ఇదేటిది? తోలు బాగానే ఉంది, లోపల గాజు పోగు పిండైపోనాది."

విసుగొచ్చి ఇంకో కొత్త తీగ వేయబోయి, దాన్ని నేల మీద పరిచి టీ తాగడానికి కూర్చున్నాడు. రెండు చివరలూ అప్పటికే కలిపి ఉన్నాయి. లోపల్నుంచి సరళ కేకేసింది, పచ్చ దీపం వచ్చిందని. ఎత్తితే ఎరుపు. దించితే పచ్చ. మేం ముగ్గురం చూశాం.

"మీ తీగకి పల్లకీ వద్దంట బాబూ, నేలే కావాలంట," అని నవ్వాడు అప్పలరాజు. మళ్లీ వచ్చినప్పుడు పైపులో పెట్టి పాతుతానని, అప్పటిదాకా కదపొద్దని చెప్పి వెళ్లాడు.

సరళ ఉద్యోగం నిలబడింది. ఆ వారం ఆమె పాటలు పాడుకుంటూ వంట చేసింది.

సంత రోజున బుద్రి మళ్లీ వచ్చి, నేల మీది తీగ చూసి తల ఊపింది.

"ఇప్పుడు బాగుంది బాబూ."

"ఏం బాగుంది? మా తాతకు దండం పెట్టే చోట తీగ మట్టిలో పడుంటే బాగుందా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మీ తాతకి దండమెట్టీవోళ్లమనుకున్నావేటి?"

ఆమె చెప్పింది ఇది. ఆమె పెదనాన్న వెట్టికి మా తాత పెట్టె మోస్తూ ఘాటీ ఎక్కాడట. దారిలో దించి కాసేపు కూర్చున్నాడట. ఇంటికి చేరాక మా తాత ఆ పెట్టె నెత్తిన ఉండగానే అతన్ని గుంజకు కట్టించాడట. ఎవరూ దించకూడదన్నాడట. పొద్దుగూకేసరికి ప్రాణం పోయిందట.

"మేం దించీది మా మోత కాదు బాబూ. ఆడిది."

అబద్ధం అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ మా వాకిట్లో తీగ మట్టిలో పడి ఉండటం, దాన్ని దాటుతూ కొండ ఊరివాళ్లు నన్ను చూడటం ఇక నేను భరించలేకపోయాను. మర్నాడు సరళ పనిలో ఉండగానే తీగను పైకెత్తి గుంజకు ఇనుప వైరుతో బిగించాను.

"అన్నయ్యా, దించు. లైన్లో మనిషి ఉన్నాడు." సరళ వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. "నీకు దండం పెడతాను, దించు."

దించలేదు. సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది.

సరళ నాతో గొడవ పడలేదు. విజయనగరంలో ఒక బట్టల కొట్లో పని చూసుకుంది. వెళ్తూ గుంజ దగ్గర పెట్టె దించి, నిలబడి, ఎత్తుకుని వెళ్లింది. నా వైపు తిరగలేదు.

ఆ రోజునుంచే నా నెత్తి మీద బరువు. తలనొప్పి కాదు, బరువు. మెడ ముందుకు వంగిపోయింది. విశాఖపట్నంలో స్కాన్ తీశారు. ఎముకలో ఏమీ లేదన్నారు. డాక్టరు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, మోతలు మోసే పని చేస్తారా అని. మా ఇంట్లో మగవాళ్లు గొడుగు కూడా సొంతంగా పట్టుకోలేదని ఆయనకెలా చెప్పను?

నడినెత్తిన గుండ్రంగా జుట్టు అరిగిపోయింది, చుట్టకుదురు పెట్టుకుని బుట్టలు మోసేవాళ్లకు అరిగినట్టు. ముందుగా చూసింది మంగలి. "ఎక్కడ మోసీసినారు బాబూ ఇంతలా?" అని నవ్వి, నా ముఖం చూసి కత్తెర అందుకున్నాడు.

గాజు ఎందుకు పిండైందో, ఈ బరువేమిటో నాకు తెలియదు. తెలుసుకునే దారీ నాకు కనిపించలేదు.

తీగ ఇంకా గుంజకే ఉంది. సంతకు పోయే ప్రతిసారీ బుద్రి అదే మాట అంటుంది.

"దించీ బాబూ. నీకే సుకం."

వైరు ముడి గుంజ వెనక కిందుగా ఉంది. విప్పాలంటే ఆ బాటన పోయేవాళ్లందరి ముందు అక్కడ వంగాలి. మెడ ఇప్పటికే వంగి ఉందిగా అని మీరనవచ్చు. అది నేను వంచింది కాదు.