మూత మీది పేరు

సహస్రకు ప్రింటర్ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పరీక్షలు పదకొండు రోజుల్లో ఉన్నాయనగా అది నల్లటి అక్షరాల మధ్య తెల్ల గీతలు వేయడం మొదలుపెట్టింది. చూపు బాగున్నవాళ్ళకు ఆ గీతలు ఒక లెక్క కాదు, ఊహించుకుని చదివేసుకుంటారు. సహస్రకు అలా కుదరదు. పుట్టుకతోనే చూపు తక్కువ. అక్షరం చిటికెనవేలి గోరంత ఉండాలి, నల్లగా, లావుగా ఉండాలి. పైగా కాగితం లేత పసుపుది కావాలి. తెల్ల కాగితమైతే కళ్ళలో గుచ్చుకుంటుంది.

ఈ మూడు షరతులకూ ఒప్పుకునే జిరాక్సు షాపు తాను ఉండే సత్యనికేతన్ పేట మొత్తం గాలించినా దొరకలేదు. పెద్దది చేసి ఇమ్మంటే ఇస్తారు గానీ, ఆమె పసుపు కాగితాలు ట్రేలో పెట్టమంటే మిషన్ పాడవుతుందని మొహం మీదే చెప్పేస్తారు. ఫోన్లో చదువుకోవచ్చుగా అని సలహా ఇవ్వనివాళ్ళు లేరు. పావుగంట తెర చూస్తే ఆమెకు తలనొప్పి పట్టుకుంటుంది. ఆ మాట మాత్రం సలహా ఇచ్చినవాళ్ళెవరూ చెవిన వేసుకోరు. అందుకే కిందటేడు చదువు ముగించుకుని ఊరెళ్ళిపోతున్న సుభాషిణి అనే సీనియర్ దగ్గర ఈ ఇంకు ట్యాంకు ప్రింటర్ తీసుకుంది. ధౌలా కువాన్ కాలేజీలో ఆమె చదువుతున్న బీఏ హిస్టరీ పాఠాలన్నీ దానిలోంచే పెద్దక్షరాలై బయటికి వచ్చాయి.

ఇంతకాలం పరీక్షల్లో ఆమె చెబుతుంటే పక్కన కూర్చుని వేరొకరు రాసేవారు. స్క్రైబ్ అంటారు. కిందటి సెమిస్టర్‌లో వచ్చినతను మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ఆమె నాలుగు వాక్యాలు చెబితే రెండు రాసి, తర్వాత ఏమిటని అడిగేవాడు. మార్కులు బాగానే వచ్చాయి. అవి తనవో అతనివో మాత్రం ఆమెకు ఇప్పటికీ తేలలేదు, తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఈసారి ప్రశ్నపత్రం పెద్దక్షరాల్లో ఇస్తే తానే చదువుకుని తన చేత్తో రాస్తానని కాలేజీలో అడిగింది. వాళ్ళు సరేనన్నారు, స్క్రైబ్ కావాలో వద్దో శుక్రవారంలోగా ఫారం నింపి ఇమ్మన్నారు. పరీక్షల దాకా రోజూ గంటల తరబడి కాగితం మీద చదివి అలవాటు చేసుకోకపోతే, మూడు గంటల పరీక్షలో కళ్ళు సగం దారిలోనే మొరాయిస్తాయి. కాబట్టి ప్రింటర్ బాగుపడితే తన పరీక్ష తాను రాస్తుంది, లేదంటే మళ్ళీ ఎవరి చేతినో అడగాలి.

ప్రింటర్‌లో ఉన్న క్లీనింగ్ ఏర్పాటును ఆరుసార్లు నడిపించింది. ఇంకు తగ్గింది, గీతలు తగ్గలేదు. కాగితం మీదికి నల్ల ఇంకు చిమ్మే హెడ్డును బయటికి తీసింది. అగ్గిపెట్టెంత ఉంటుంది అది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ మీద ఒక పూటంతా ఆనించి చూసింది. ఫలితం లేదు. ఇక కొత్త హెడ్డు కొనక తప్పదని తేలింది.

మంగళవారం మధ్యాహ్నం గదిలో తనతో ఉండే కావేరిని వెంటబెట్టుకుని, కంప్యూటర్ సామాన్లు దొరికే నెహ్రూ ప్లేస్ వెళ్ళింది. కావేరిది మహబూబ్‌నగర్, ఎవరినైనా నమ్మే ముందు పదిసార్లు ఆలోచించే రకం. షాపతను ఏ మోడల్ అని అడిగితే సహస్ర తడుముకోకుండా చెప్పేసింది. ఎందుకు తడుముకుంటుంది? ఆ ప్రింటర్ మొత్తంలో ఆమె ఎవరి సాయం లేకుండా చదవగలిగింది మూత మీద బొటనవేలంత అక్షరాల్లో ఉన్న పేరు ఒక్కటే. ఏడాదిగా రోజూ చూస్తున్న పేరు. అంత ధీమాగా చెప్పేసరికి అతనూ మరో మాట అడగకుండా డబ్బా తీసిచ్చాడు.

గదికొచ్చి బిగిస్తే హెడ్డు చక్కగా కూర్చుంది. కాగితం మాత్రం రాలేదు. ఎర్ర దీపం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"నే జెప్పలే? ఆడు పాతది అంటగట్టిండు," అంది కావేరి.

"ఉండవే, అప్పుడే తిట్టకు."

సహస్ర ప్రింటర్ ముందు కూర్చుని దాన్ని చేత్తో తడుముతూ ఆలోచనలో పడింది. కంటికన్నా వేలిని నమ్మడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. మూత అంచు దగ్గరికి రాగానే వేలు ఆగింది. మూత కింది పెట్టెకన్నా బియ్యపు గింజంత ముందుకు ఉంది. మొదటి రోజు నుంచీ అలాగే ఉంది, ప్రింటర్లన్నీ ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుంది ఇన్నాళ్ళూ. సుభాషిణి దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నానని చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. ఫోన్ కెమెరాను వెనకవైపు అంటించిన చీటీ మీద పెట్టి పెద్దది చేసి చూసింది. అందులో ఉన్నది వేరే మోడల్ పేరు. పాత హెడ్డు మీద ఎండిన ఇంకు తుడిచి, కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూస్తే నంబర్లు కూడా వేరే.

ఎవరో రెండు పాడైన ప్రింటర్లు కలిపి ఒకటి చేశారు. ఒకదాని మూత, ఇంకొకదాని ఒళ్ళు. సహస్రకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. తన అంతట తాను చదవగలిగిన ఒకే ఒక్క మాట కూడా అబద్ధమేనా అనిపించింది.

"ఫారంల స్క్రైబ్ గావాలెనని రాయ్. ఈ ఒక్కపారికి," అంది కావేరి నెమ్మదిగా.

"శుక్రవారం దాకా టైముంది కదే. చూద్దాం," అంది సహస్ర. ఆ మాట అన్నప్పుడు ఆమెకు పెద్ద నమ్మకమేమీ లేదు.

బుధవారం క్లాసులతోనే గడిచిపోయింది. గురువారం పొద్దున షాపు తెరిచేసరికి ఇద్దరూ అక్కడున్నారు. సహస్ర పాత హెడ్డునూ, ఫోన్లో తీసుకున్న చీటీ ఫోటోనూ అతని ముందు పెట్టి, హిందీలో జరిగిందంతా చెప్పి, నంబరు చివర ఆరు ఉన్న హెడ్డు కావాలంది. అతను ఫోటో చూసి నవ్వాడు.

"దీదీ, ఇలా రెండు కలిపి ఒకటి చేయడం ఇక్కడ మామూలే. పాత హెడ్డు తేకుండా హెడ్డు కొనడానికి ఎవరొస్తారు?"

"పాతదేదని మీరు అడగలేదుగా భయ్యా."

అతను నవ్వు ఆపి తల గోక్కున్నాడు. "ఠీక్ హై, అడగాల్సింది నేనే," అని, తెరిచిన డబ్బా అయినా వెనక్కి తీసుకున్నాడు. స్టూలెక్కి పై అరలోంచి వెండి కవరులో ఉన్న ఒక హెడ్డు దించి, నంబరు పైకి చదివి వినిపించాడు. అతను చదివింది పాతదాని మీద ఉన్న నంబరే. కావేరి కూడా మెడ సాచి చూసింది.

"గదేనే. తీస్కో, పోదాం."

"ఒక్క నిమిషం, నేను చూసుకుంటా."

"నేను చదివాను కదా దీదీ," అన్నాడతను కాస్త చిన్నబుచ్చుకుని. వెనక మరో ఇద్దరు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు.

సహస్ర కవరును కౌంటర్ మీద పెట్టి, ఫోన్ దాని మీద వంచి, నంబరు తెర నిండా అయ్యేదాకా పెద్దది చేసింది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. చివరి అంకె ఆరు కాదు, ఎనిమిది.

ఫోన్ అతని వైపు తిప్పింది. అతను చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"మీరు ముందే ఆరు అన్నారు కదా, నాకూ ఆరే కనిపించింది," అన్నాడు. కావేరి నాలుక కరుచుకుంది.

అతనే వెళ్ళి కింది అంతస్తులోని ఇంకో షాపు నుంచి అసలైనది తెచ్చాడు. ఈసారి తాను చదవలేదు. కవరు ఆమె చేతికిచ్చి, ఆమె చూసి సరే అనేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం పసుపు కాగితం మీద మొదటి పేజీ వచ్చింది. ఒక్క గీత లేదు. కాటుక పెట్టినట్టున్నాయి అక్షరాలు. సహస్ర కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఆ పేజీని రెండుసార్లు చదివింది. సంతోషం పట్టలేక మూడోసారి పైకి చదివింది. ప్రింటర్ మీద కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. అంతకన్నా ఎక్కువగా పొద్దుటి సంగతే మనసులో మెదులుతూ ఉంది. చూపున్న ఇద్దరు సరేనన్న తప్పును తాను పట్టుకుంది. నెమ్మదిగా చదవడం లోపమని ఇంతకాలం అనుకున్నవాళ్ళలో తనూ ఒకతె.

శుక్రవారం కాలేజీ ఆఫీసులో ఫారం చేతికిచ్చారు. దానిలోవి చీమ తలకాయంత అక్షరాలు. ఆమె ఫోన్ తీయడం చూసి కౌంటర్ దగ్గరి మేడమ్ ప్రేమగా చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వు బేటా, నేను చదివి నింపేస్తాను. నువ్వు సంతకం పెడితే చాలు."

"థాంక్యూ మేడమ్. నేనే చదువుకుంటాను."

స్క్రైబ్ అవసరం లేదు అన్న గడిలో ఆమె టిక్కు పెట్టింది. వెనక క్యూలో ఎవరో విసుగ్గా గొంతు సవరించుకున్నారు. సహస్ర కంగారుపడలేదు. ఫోన్‌ను ఒక్కో పంక్తి మీద జరుపుకుంటూ ఫారం చివరి దాకా చదివి, అప్పుడు సంతకం పెట్టింది.