మీరన్నట్లే సార్

మా నాయన దుకాణంలో ‘లేదు’ అనే మాట వినపడదు. బెల్లం అయిపోతే ‘రేపొస్తుంది’ అంటాడు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాడు. ఇక బోణీ కాకముందైతే చెప్పే పనే లేదు. మార్కాపురం బజారులో మా వాళ్ళ దుకాణాలన్నీ ఇంతే. కొనేవాడు పొద్దున్నే వచ్చి సూర్యుడు పడమట పొడిచాడన్నా, ‘ఈ మధ్య అట్లనే ఉంది బావా’ అంటూ పొట్లం కట్టిస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాయన నమ్మకం. ఊరు మంచిదయిందో కాలేదో నాకు తెలియదు. ఆ మంచి నోరు నా పీహెచ్‌డీని మాత్రం మింగేసింది.

నేను పీహెచ్‌డీకి చేరింది ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో. మేనేజ్‌మెంటు కింద వచ్చే సబ్జెక్టు. ఆ పేరు చెప్పగానే బంధువులు పాడైన ప్రింటర్లు తెచ్చి నా ముందు పెట్టేవారు. మాకు ప్రోగ్రాములు రాయడం రాదని కంప్యూటర్ సైన్సు వాళ్ళు నవ్వుతారు, జమాఖర్చులు రావని కామర్సు వాళ్ళు నవ్వుతారు. ఇద్దరూ నిజమే చెబుతారు. మేం చూసేది మనిషిని. చేతికొక కొత్త యాప్ ఇస్తే వాడతాడా, మూలన పడేస్తాడా, ఎందుకు? పని మంచిదే. అడిగే పద్ధతే అన్యాయం. ఒక వాక్యం రాసి, పక్కన ఐదు గడులు గీస్తాం, ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ దగ్గర మొదలుపెట్టి ‘అసలు ఒప్పుకోను’ దాకా. ఆ టిక్కులన్నీ కంప్యూటర్లో పోస్తే డబ్బాలు, బాణాలు ఉన్న బొమ్మ ఒకటి బయటికొస్తుంది. ‘ఉపయోగం’ అనే డబ్బా నుంచి ‘వాడాలనే కోరిక’ అనే డబ్బాకు బాణం గట్టిగా తగిలితే డాక్టరేటు.

నాకు ఆ డాక్టరేటు మోజు కోసం కాదు, తిండి కోసం కావాలి. మా ఊరి దగ్గరి ఎంబీఏ కాలేజీలో లెక్చరర్ని. ఈ విద్యాసంవత్సరం లోపల పీహెచ్‌డీ చూపించకపోతే తీసేస్తామని యాజమాన్యం మొహం మీదే చెప్పింది. థీసిస్ తయారైంది. గైడు సంతకం ఒక్కటే మిగిలింది.

నా అంశం, కిరాణా దుకాణాలవాళ్ళు సరుకు ఆర్డరు పెట్టే యాప్‌ను ఎందుకు వాడతారు అన్నది. మార్కాపురం, గిద్దలూరు, దర్శి, ఎండలో దుకాణం దుకాణం తిరిగాను. ప్రశ్నలు నేనే చదివేవాణ్ణి, గడుల్లో టిక్కు వాళ్ళ చేత్తోనే పెట్టించేవాణ్ణి. ‘ఈ యాప్ నాకు చాలా ఉపయోగం’ అని చదివితే ‘ఒప్పుకుంటా నాయనా’ అని మొదటి గడిలో టిక్కు. నాలుగు ప్రశ్నల తర్వాత ‘ఈ యాప్ వల్ల నాకు ఏ ఉపయోగమూ లేదు’ అని ఒక వాక్యం ఉంటుంది. అది వల. చదవకుండా గీకేవాళ్ళను పట్టుకోవడానికి మా సబ్జెక్టులో కావాలనే అట్లా తిప్పి రాస్తారు. దానికీ ‘ఒప్పుకుంటా నాయనా’ అని మొదటి గడే. ఇదేంది పెదనాయనా అని గిద్దలూరులో ఒకాయన్ని అడిగితే, ‘నువ్వు ఇంత ఎండన పడి వచ్చి అడుగుతాంటే కాదంటామా’ అన్నాడు. ఆ యాప్ ఆయన ఫోనులోనే లేదు. వాళ్ళు వాక్యాన్ని ఒప్పుకోలేదు, నన్ను ఒప్పుకున్నారు. మా నాయన కాగితం కూడా అంతే, పైనుంచి కింద దాకా ఒకే గడి, గంగిరెద్దు తలూపినట్టు.

ఈ సంగతే ఒక అధ్యాయంగా రాసుకుపోయి గైడుకు చూపించాను. ఆయన కోస్తా మనిషి, పెద్ద ప్రొఫెసరు, తెల్లచొక్కా మీద మడత పడనివ్వడు. అధ్యాయం తిప్పి కూడా చూడలేదు. టిక్కులున్న పేజీ మాత్రం వేలితో కొట్టి, “ఇన్ని దుకాణాలు, ఒకే టిక్కు. ఇంట్లో కూర్చుని నువ్వే గీశావు. ఎవడికి చెబుతావు?” అన్నాడు. నేను ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు. “వచ్చే నెల మీ కాలేజీకి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నా. మీ నాన్నగారి దుకాణం ఉందిగా, ఆయన్నే అడుగుతా. తనే పెట్టానని ఆయన చెబితే సంతకం పెట్టేస్తా” అన్నాడు. ఇంతకంటే సులువైన పరీక్ష ఇంకేముంటుందని నేను ఎగిరి గంతేశాను. వెర్రి వెధవని.

చెప్పిన రోజున పొద్దున్నే, ఇంకా బోణీ కాకముందే, కారు దుకాణం ముందు ఆగింది. మా నాయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి, భుజాన ఉన్న కండువాతో స్టూలు తుడిచాడు. టీ తెప్పించాడు. ఆ మర్యాద చూస్తుంటే నాకు ధైర్యం వచ్చింది. గైడు టీ తాగుతూ, నవ్వుతూనే అడిగాడు.

“ఏమండీ పెద్దాయనా, మీ అబ్బాయి ఆ కాగితాలన్నీ ఇంట్లో కూర్చుని తనే నింపేశాడు. అంతేగా?”

మా నాయన ఆయన తెల్లచొక్కా చూశాడు, కారు చూశాడు. రెండు చేతులూ కట్టుకున్నాడు.

“మీకు తెలియందేముంది సార్. మీరన్నట్లే.”

“నాయనా, నువ్వే కదా టిక్కులు పెట్టింది, చెప్పు” అని అరిచాను.

“ఊరుకోరా, సార్ చెప్తాంటే మధ్యలో ఏంది” అని నన్నే కసిరాడు.

గైడు గ్లాసు కింద పెట్టి, “విన్నావుగా” అన్నాడు. అంతే, కారెక్కాడు. ఆ తర్వాత ఒక ముసలామె వచ్చి పావుకిలో కందిపప్పు అడిగింది. మా నాయన సంతోషంగా తూచి ఇచ్చాడు, బోణీ బాగుందన్నాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయన మొహం వెలిగిపోతోంది. “పెద్దమనిషి. మాటకు మాట చెప్పకుండా బాగా సాగనంపినా కదా” అన్నాడు. నెమ్మదిగా చెప్పచ్చు. చెప్పలేదు. నీ తానా అంటే తందానా వల్ల నా చదువు పోయింది, ఉద్యోగం పోతుంది, నీ కొడుకు దొంగ అని నువ్వే సాక్ష్యం చెప్పావు అని ఒక్క గుక్కలో అన్నాను. ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “ఆయన అడిగింది అదని నాకేం ఎరికరా. వచ్చినోడు ఒక మాటంటే అవునంటాం. అది మాటవరసకు కదా” అన్నాడు. మాటవరసకి గడి లేదు నాయనా ఆ కాగితంలో, అన్నాను. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు దుకాణం తెరవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, “పోదాం పా. నేను చెప్తా” అన్నాడు. యూనివర్సిటీకి బస్సెక్కాం. దారి పొడుగునా చెప్పాల్సిన మాట తనలో తనే అనుకుంటూ వచ్చాడు. ‘ఆ టిక్కులు నేనే పెట్టినా సార్, మావాడు తప్పు చెయ్యలా.’ పెదవులు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. బాగానే అంటున్నాడు.

గైడు గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడి, అనుకున్న మాట అనుకున్నట్టే చెప్పాడు. ఒక్క అక్షరం తడబడలేదు. నాకు ఆశ పుట్టింది.

గైడు కళ్ళజోడు తీశాడు. “అయితే నిన్న మీ దుకాణంలో నాతో అబద్ధం చెప్పారన్నమాట.”

“అవును సార్. తప్పయిపోయింది.”

“ఇవాళ మీవాడు నేర్పించి తీసుకొచ్చాడు, ఇది కూడా అబద్ధమే. అవునా?”

మా నాయన నా వైపు చూశాడు. ఇట్లాంటి ప్రశ్నకి బస్సులో ఏమీ అనుకుని రాలేదు. చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి.

“మీరు ఎట్లంటే అట్లనే సార్.”

గైడు నవ్వలేదు కూడా. నాతో ఇంగ్లీషులో ఒక మాటన్నాడు. థీసిస్ కట్ట బల్ల మీద నుంచి నా వైపు తోశాడు, సంతకం లేకుండా.

బయటికొచ్చాక మా నాయన, “సార్ చివర్న ఏమన్నాడు? మెత్తబడినట్టే ఉన్నాడు కదా” అని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి సర్దచ్చు. ఆయన్నడిగితే ఏ కొడుక్కైనా అదే చెప్పమంటాడు. నేను ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగు చేసి చేసి చెయ్యి తిరిగినవాణ్ణి. ఒక్క ముక్క పోకుండా తెలుగు చేసి చెప్పాను. “‘ముసలాయన చేత అబద్ధం కూడా సరిగ్గా చెప్పించలేకపోయావు, నువ్వేం పాఠాలు చెబుతావు’ అన్నాడు.”

మా నాయన, “మరి నీ ఉద్యోగం?” అన్నాడు.

“పోయింది” అన్నాను.

బస్టాండులో మా బస్సు కదలబోతోంది. పరిగెత్తి ఎక్కాం. లోపల ఒక్కటే సీటు ఖాళీగా ఉంది. మా నాయనకి మోకాళ్ళ నొప్పులు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కూడా.

“కూర్చో నాయనా, నువ్వు కూర్చో” అన్నాడు నాతో.

మాటకు మాట చెప్పకుండా కూర్చున్నాను. సగం దారి, పొదిలి దాకా, ఆయన నిలబడే వచ్చాడు.