దుంపల వంతు

మా నాన్న చేతులంటే నాకు అసహ్యం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, చదివాక ఎవరూ నన్ను సర్దుకుపొమ్మనకుండా.

నర్సీపట్నం నుంచి రావికమతం వెళ్ళే దారిలో మాకు జీడితోట ఉంది. తీగలు ఎండే కాలంలో కొండ మీంచి ఒకావిడ అడవి దుంపలు తవ్వుకోవడానికి వచ్చేది. తవ్వినదాంట్లో సగం మాకు, సగం ఆవిడకి. ముందు మా వంతు తెచ్చి అరుగు మీద పోసేది. నాన్న చూసి "సరే, పో" అన్నాకే వెళ్ళి తన వంతు తీసుకునేది. అప్పటిదాకా ఆవిడ దుంపలు తవ్విన గోతిలోనే, పందులు పడకుండా మట్టి కప్పి ఉండేవి. నాకు బుద్ధి తెలిసినప్పట్నించీ ఇదే పద్ధతి.

ఆ రోజు మధ్యాహ్నం కొంగులో తెచ్చి పోసినవి దుంపలు కావు. మట్టి అంటుకున్న బంగారు నాణేలు, ఒక్కోటీ గోరంత. "ముంత దొరికింది బాబూ. ఇది మీ వంతు" అంది. ఎప్పటిలాగే నాన్న మాట కోసం నిలబడింది.

నాన్న "సరే, పో" అనలేదు. వెళ్ళి గేటు వేశాడు.

"మిగతాయి ఎక్కడెట్టావే?"

"గోతిలోనే ఉన్నాయి బాబూ. రండి, సూపిత్తాను."

బయటికి పంపితే ఆవిడ కొండెక్కి మాయమైపోతుందని, మా ఇంట్లోనే ఉండే బాబాయి భయం. తానే బండేసుకుని తోటకి పోయాడు. తోట నిండా ఆవిడ తవ్విన గోతులే. ఎదురుగా కనిపించినవి రెండు కెలికి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"అబద్దాలాడతంది అన్నియ్యా. బంగారం దొరికితే గోతిలో ఒగ్గేసి వచ్చే మనిసి ఉంటాదా?"

వాళ్ళిద్దరికీ దొరికి ఉంటే వదిలి రారు. అందుకే నమ్మలేకపోయారు.

బాబాయి ఆవిడ జుట్టు పట్టి తల అరుగుకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. నాన్న ఆవిడ కుడిచెయ్యి రాతి మీద పరిచి, మణికట్టు కాలితో తొక్కిపట్టి, గొడ్డలి తిరగేసి కర్ర కామతో కొట్టాడు. "సెప్పు" అంటూ మళ్ళీ కొట్టాడు. వేళ్ళు విరిగిన చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపించింది. పరిగెత్తుకొచ్చి నాన్న మెడ పట్టుకుని వేలాడాను. మోచేత్తో నా మూతి మీద పొడిచాడు. పన్ను ఊడి నోరంతా నెత్తురు. ఆవిడ అరుస్తూనే ఒకటే మాట అంటోంది, "గోతిలోనే బాబూ, గోతిలోనే."

నెత్తురు చూసైనా ఆగుతారనుకున్నాను. నాన్న బాబాయి మీదికి తిరిగాడు. "నువ్వే ముందెల్లి తీసేసావేటి?" అన్నదమ్ములిద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఆ నాణేల మీదే దొర్లారు. ఆ సందులో నేను గోడ దూకి రోడ్డెక్కి పోలీసులకి ఫోన్ చేశాను. కన్నతండ్రిని పట్టిచ్చిన కూతురని చుట్టాలు ఇప్పటికీ అంటారు. అననీ.

పోలీసులు ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్తూ దారిలో తోట దగ్గర జీపు ఆపారు. ఆవిడ ఎడంచేత్తో చూపించింది. మూలనున్న గోతిలో, కప్పిన మట్టి కింద ముంత ఉంది. సగం నాణేలు అందులోనే ఉన్నాయి.

కొన్ని నెలలకి నర్సీపట్నం రెవెన్యూ ఆఫీసులో, ఆ బంగారం ఎవరికి చెందాలో తేల్చే విచారణ జరిగింది. నాన్న బెయిలు మీద వచ్చాడు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. వంకర తిరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేత్తో ఇక గునపం పట్టడం కుదరదు, అంటే ఆవిడ బతుకుతెరువు పోయినట్టే.

ఆఫీసరు ఆవిడకి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. "పాతిపెట్టినవాళ్ళ వారసులెవరూ రాకపోతే, దొరికిన మనిషికి నాలుగింట మూడు వంతులు, భూమి గలవాళ్ళకి ఒక వంతు. నువ్వేమీ దాచలేదు కాబట్టి ఆ మూడు వంతులూ నీవేనమ్మా."

ఆవిడ కంగారుపడింది. "అదేటి బాబూ? మాది సగం సగం కదా. ఆ బాబు వంతు తగ్గించేత్తే ఎలగ?"

గదిలో అందరూ నాన్న వైపు చూశారు. నేనూ చూశాను. తల దించుకుంటాడనుకున్నాను, అంత పిచ్చిదాన్ని.

"ఆ మాట రాసుకోండి సార్" అన్నాడు.