సువార్తమ్మ గారు ఐదుసార్లు చూసిన సినిమా

2023 చలికాలం. నర్సీపట్నంలో మా తాతగారు కట్టించిన సినిమా హాల్లోనే నేను మేనేజరుని. హాలు మా చేతుల్లోంచి పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడు లీజుకు తీసుకుని నడుపుతున్నది అప్పలరాజు గారు. ఆయన తండ్రి ఒకప్పుడు మా గేటు దగ్గర టిక్కెట్లు చింపేవారు. ఆ సంగతి ఆయనా ఎత్తరు, నేనూ ఎత్తను. తాతగారు కూర్చున్న గదిలో ఆయన కూర్చుంటారు. ఏ పని ఉన్నా గుమ్మంలో నిలబడే చెప్పి వచ్చేస్తాను. ఎదురుగా ఉన్న కుర్చీలో అప్పటిదాకా నేను కూర్చోలేదు.

మా పనిలో ‘టాక్’ అని ఒకటుంది. శుక్రవారం మొదటి ఆట వదిలాక జనం ఏమనుకుంటున్నారో మేనేజరు గేటు దగ్గర నిలబడి వినాలి. సినిమాను హాళ్ళకు ఇచ్చే డిస్ట్రిబ్యూటరు ఆ మధ్యాహ్నమే ఫోన్ చేస్తాడు. ఒక్క ముక్కలో చెప్పాలి. సినిమా రెండో వారం ఉండేదీ లేనిదీ చాలావరకు ఆ ముక్క మీదే తేలుతుంది.

ఆ వారం వచ్చింది ఒక ప్రేమకథ. అద్దెకారు నడిపే కుర్రవాడు, వెనక సీట్లో ఒక అమ్మాయి, లంబసింగి ఘాటీ కొండదారి మీదుగా ప్రయాణం. ఫైట్లు లేవు. మాటలు కూడా తక్కువే. మంచు, వాన, మలుపులు.

“ఏటి బావా ఇది! ఆవిడ ఎనక సీట్లో, ఈడు ముందు సీట్లో. రెండున్నర గంటలూ ఇదేనేటి?” అన్నాడు బయటికొస్తూ ఒకడు.

“మంచు సూడ్డానికి టిక్కెట్టెందుకురా? సింతపల్లి బస్సెక్కితే సాలదా?” అన్నాడు పక్కవాడు.

ఒక కాలేజీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూనే “బోర్” అంది. నేను కళ్ళు చూడలేదు, మాట మాత్రమే విన్నాను. డిస్ట్రిబ్యూటరుకి “స్లో. గురువారంతో ఎత్తేయండి” అని చెప్పాను.

శనివారం నుంచి ఒక పెద్దావిడ రోజూ మ్యాట్నీకి రావడం మొదలుపెట్టారు. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి, ఎప్పుడూ నడవ పక్క సీటే. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చారు. బుధవారం ఆట అయ్యాక నా దగ్గరకొచ్చి ఆగారు. పేరు సువార్తమ్మ అని, చింతపల్లి మిషను హాస్టల్లో వంట చేసి రిటైరయ్యానని, ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉంటున్నానని చెప్పారు.

“మేనేజరు బాబూ, ఈ బొమ్మ శనివారం ఉంటాదా?”

“ఉండదమ్మా. రేపటితో ఆఖరు.”

ఆవిడ సంచిని గుండెకు హత్తుకున్నారు. “మా ఆయన యోహాను ఆ ఘాటీ మీద ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపాడు బాబూ. పక్షవాతం వచ్చి విశాపట్నం ఆసుపత్రిలో ఉన్నాడు, మా కొడుకు కాసుకునున్నాడు. ఎల్లుండి ఇంటికి పంపేస్తారు. ఒక్కసారి కొండ మీదకి తీసికెల్లమని సైగలు సేస్తాడు. ఆ మలుపులకి తట్టుకోలేడు, వద్దంటే వద్దన్నాడు డాక్టరు. కొండకి ఆయన్ని తీసికెల్లలేను. మీ కాడికైతే తీసుకురాగలను కదా.”

“మీకంత నచ్చిందా సినిమా?”

ఆవిడ సిగ్గుపడ్డారు. “అందరూ మాటల్లేవంటన్నారు. ఉండవు బాబూ. ఆయన బస్సులో మూడేళ్ళు తిరిగాను. డ్రైవరు ఎనక సీటు. ఒక్క మాట ఆడితే ఒట్టు. అద్దం నా ఏపుకి తిప్పుకుని అందులోంచి సూసేవాడు. అంతే. తరవాత చర్చిలో పెళ్ళి.”

ఇప్పుడు రీళ్ళు లేవు. సినిమా కంప్యూటరు ఫైలుగా వస్తుంది. దాన్ని తెరిచే డిజిటల్ తాళాన్ని ‘కీ’ అంటాం. గడువు దాటితే ఫైలు మా దగ్గరే ఉన్నా బొమ్మ పడదు. కొత్త కీ డిస్ట్రిబ్యూటరు ఇవ్వాలి, దానికి అప్పలరాజు గారు అడగాలి, ఆయన్ని నేను అడగాలి. మా ఇంట్లో ఇవ్వడం నేర్పారు. అడగడం నేర్పలేదు.

ఆ సాయంత్రం గుమ్మం దాటి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. అప్పలరాజు గారు గభాలున లేచారు.

“ఏటి బాబుగారూ, ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది. మీరు కూర్చోండి. శనివారం మార్నింగ్ షోకి కొత్తది ఆపి ఈ సినిమానే వేయాలి. స్లో అని చెప్పింది నేనే. తప్పు చెప్పాను.”

సంగతంతా విన్నారు. “తప్పు అన్న మాట మీ నోట ఇదే ఇనడం,” అంటూ ఫోన్ తీశారు. అవతల డిస్ట్రిబ్యూటరు, ఎత్తేయమన్నది మీ మేనేజరే కదా అని దబాయించాడు. ఫోన్ నేనే తీసుకుని, “అవునండీ, నేనే. సగమే విని చెప్పాను,” అన్నాను. శుక్రవారం కీ వచ్చింది.

శనివారం యోహాను గారిని ఆటోలో తీసుకొచ్చారు. మా మెట్లకు చక్రాల కుర్చీ ఎక్కదు. ఒక పక్క అప్పలరాజు గారు, ఒక పక్క నేను, కుర్చీతో సహా ఎత్తి లోపలికి చేర్చాం. హాల్లో పట్టుమని పదిహేను మంది లేరు. ఎప్పుడూ ఆట మొదలవగానే బయటికి వచ్చేసే నేను ఆ రోజు వెనక నిలబడిపోయాను.

ఘాటీ మొదలైంది. ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళో అలాగే పడి ఉంది. కుడికాలు మాత్రం కదిలింది. తెర మీద మలుపు రాకముందే పాదం నేలను నొక్కుతోంది. మలుపు దాటాక వదులుతోంది. ఏ మలుపు తరవాత ఏది వస్తుందో ఆ కాలికి తెలుసు. సువార్తమ్మ గారు ఆ రోజు సినిమా చూడలేదు. ఆ కాలినే చూస్తూ కూర్చున్నారు.

ఆట వదిలాక అలవాటు కొద్దీ వంగి అడిగాను. “ఎలా ఉందండీ సినిమా?”

నోరు ఒక పక్కకు లాగుతోంది. మాట ముద్దముద్దగా వచ్చింది. “ఆడికి... బండి... రాదు.”

“బొమ్మంతా సూసి ఇదా సెప్పేది!” అని సువార్తమ్మ గారు నవ్వేశారు.

ఆయన కుడిచెయ్యి పైకి లేచింది. లేని అద్దాన్ని పట్టుకుని మెల్లగా ఆవిడ వైపు తిప్పింది. “అద్దం... తిప్పలేదు... ఆడు.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగారు. అప్పలరాజు గారు వెళ్ళి ఆటోను మెట్ల దాకా రప్పించారు.

ఇన్నేళ్ళూ వందల మంది మాటల్ని ఒక్క ముక్కకు కుదించడమే నా నేర్పు అనుకున్నాను. ఇప్పటికీ శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. “టాక్ ఏమిటండీ?” అంటాడు డిస్ట్రిబ్యూటరు.

“ఎవరిది?” అని అడుగుతాను.