మూడు గంటలకు ఎడమ లైను

టార్పాలిన్ కింద తడిసిన బొగ్గుకు ఒక వాసన ఉంటుంది. తొలి వానకు తడిసిన మట్టిని పొగిడినట్టు దాన్నెవరూ పొగడరు. కొంచెం గంధకం, కొంచెం తుప్పు, కొంచెం ఆరని బట్టల ముక్కిన వాసన. మొన్న మధ్యాహ్నం బసంత్‌నగర్ దాటాక నా కారు ముందు ఒక బొగ్గు లారీ పోతుంటే ఆ వాసన లోపలికి వచ్చింది. అద్దం ఎక్కించబోయి ఆగిపోయాను. ఆ వాసన పడక ఏళ్ళ తరబడి ఆఫీసు కిటికీ మూస్తూ వచ్చినదాన్ని నేను. మూసిన ప్రతిసారీ మళ్ళీ తెరిచింది సుగుణక్క. ఒక్కసారి కూడా నాతో గొడవ పడలేదు. గొడవ పడితే గెలిచేదాన్ని. ఆ అవకాశం ఇవ్వకుండానే పోయింది.

గోదావరిఖని చివర, ఓపెన్‌కాస్టు గనుల నుంచి బొగ్గు తోలే ప్రైవేటు లారీల ఆఫీసు మాది. రెండు గదులు, ముందర లారీని సరుకుతో సహా తూచే కాటా. సుగుణక్క భర్త అక్కడే డ్రైవరుగా పనిచేస్తూ జబ్బుచేసి చనిపోతే, ఆమెకు ట్రిప్పు చీటీలు రాసే పని ఇచ్చారు. ఏడో తరగతి చదువు. అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఉండేవి. నేను కరీంనగర్‌లో డిగ్రీ చేసినదాన్ని. వక్తృత్వ పోటీల్లో తెచ్చుకున్న కప్పులు ఇంట్లో షోకేసులో ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తరాలు, ఫిర్యాదులు, వాటికి జవాబులు నా పని. మా డ్రైవరు తప్పు చేశాడని ఎవరైనా రాస్తే, తప్పు రాసినవాడిదే అనిపించేలా జవాబివ్వగలను. మేనేజరు నన్ను మెచ్చుకునేవాడు. డ్రైవర్లు నన్ను మేడం అనేవాళ్ళు. ఆమెను మాత్రం అక్కా, చెల్లె, వదినా అని ఎవరికి తోచిన వరస వాళ్ళు కలుపుకునేవాళ్ళు.

అసూయ అని రాస్తే గౌరవంగా ఉంటుంది. నాకున్నది కుళ్ళు. పొద్దున ఆఫీసులో అడుగు పెట్టగానే మొదలయ్యేది. కాటా మీద లారీ ఆపిన డ్రైవరు దిగి, బొగ్గు బురద కాళ్ళతో లోపలికి రాలేక, ఆమె టేబుల్ పక్క కిటికీ దగ్గర నిలబడేవాడు. చీటీ తీసుకోవడానికి ఒక నిమిషం చాలు. పది నిమిషాలు నిలబడేవాడు. కూతురికి సంబంధం, కాలి నొప్పి, కొత్త టైర్ల సంగతి, అన్నీ ఆ కిటికీలోంచి లోపలికి వచ్చేవి. ఆమె పెద్దగా ఏమీ అనేది కాదు. "ఊఁ" అనేది. "మరి?" అనేది. డిగ్రీ చదివిన నాకు ఎవరూ కాలి నొప్పి చెప్పలేదు.

ఇదంతా కిటికీ మహిమ అని తేల్చుకున్నాను. ఒకసారి ఆమె కూతురి కాన్పని నాలుగు రోజులు సెలవు పెడితే, నా కుర్చీ తీసుకెళ్ళి ఆ కిటికీ పక్కన వేసుకున్నాను. తలుపులు బార్లా తెరిచి పెట్టాను కూడా. మొదటి లారీ వచ్చింది. రాజేశం కాక దిగాడు. మా డ్రైవర్లలో పెద్దవాడు, ఇరవై ఏళ్ళకు పైగా అదే రోడ్డు మీద బండి నడుపుతున్నవాడు. నవ్వుకుంటూ కిటికీ దాకా వచ్చి నన్ను చూసి నవ్వు ఆపేశాడు.

"సుగుణ చెల్లె రాలేదా మేడం?"

"రాలేదు. ఏమన్నా ఉంటే నాకు చెప్పు కాకా."

"ఏం లేదు మేడం. చీటీ ఇయ్యిన్రి, పోత."

నాలుగు రోజులూ అంతే. ఐదోరోజు ఆమె వచ్చి, తన టేబుల్ దగ్గర నా కుర్చీ చూసి, దాన్ని నా చోటుకు మోసుకొచ్చి పెట్టింది. "గాలి మంచిగ తగిలిందా వనజా?" అని మాత్రం అడిగింది.

ఆరేళ్ళ కిందట రాజేశం కాక మీద ఫిర్యాదు వచ్చింది. కరీంనగర్‌లో మందుల దుకాణం నడిపే ఆయన రాశాడు. మధ్యాహ్నం మూడింటి వేళ నాలుగు లైన్ల రోడ్డు మీద ఒక మలుపు దగ్గర తను కారులో కుడి లైనులో వస్తున్నాడు. ఎడమ లైనులో పోతున్న మా లారీ సిగ్నలు లేకుండా ఒక్కసారిగా కుడికి జరిగింది. ఈయన బ్రేకు తొక్కి డివైడరును రాసుకున్నాడు. వెనక సీట్లో ఉన్న వాళ్ళ అమ్మ నుదురు ముందు సీటుకు తగిలి మూడు కుట్లు పడ్డాయి. ఫిర్యాదు మాకొకటి, గనుల ఆఫీసుకొకటి. మా మేనేజరు విచారణ చేసి పంపిన కాగితాన్ని బట్టి అక్కడ రాజేశం కాక గేట్ పాస్ ఉంచడమో తీసేయడమో తేలుస్తారు. పాస్ పోతే ఏ గని లోపలికీ అతని బండి పోదు. యాభై అయిదు దాటిన మనిషికి ఇంకొకరు బండి ఇవ్వరు. అతనికి ఇంకో పని రాదు.

ఇదే అదను అనుకున్నాను. కిటికీలోంచి ఊఁ కొట్టడం వేరు, మనిషిని కాపాడటం వేరు. అది చూపించాలి. రాజేశం కాకను లోపలికి పిలిచి కుర్చీ వేసి అడిగాను.

"ఎందుకు జరిగినవ్ కాకా కుడికి?"

"ఏమో మేడం."

"ఏమో అంటే నడవదు. ఎడమ దిక్కు నుంచి ఏమన్నా అడ్డమొచ్చిందా? బర్రెలా? మేకలా?"

అతను నేల చూశాడు. "అట్లనే రాసుకోన్రి మేడం. మీరు చదువుకున్నోళ్ళు."

రాసుకున్నాను. ఎడమవైపు నుంచి మేకల మంద హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చినందున, మూగజీవాల ప్రాణాలు కాపాడే ఉద్దేశంతో, గత్యంతరం లేని పరిస్థితిలో అంటూ ఒకటిన్నర పేజీ. అంత మంచి జవాబు నేను ఎప్పుడూ రాయలేదు. అతను చదవకుండా సంతకం పెట్టాడు. సుగుణక్క వినాలని గట్టిగా చదివాను. ఆమె చీటీలు కత్తిరిస్తూ విన్నది.

"మేకలను నువ్వు చూసినవా వనజా?"

"నేనెట్ల చూస్త? నేను లారీల ఉన్ననా?"

"అన్న చూసిండా మరి?"

"చూసే ఉంటడు. ఊకె ఎవరన్నా లైను మారుస్తరా?"

"ఊఁ," అన్నది. ఆ ఊఁకు నాకు ఒళ్ళు మండింది. కాగితం ఆ సాయంత్రమే మేనేజరు టేబుల్ మీద పెట్టాను.

విచారణ రోజు కారాయన వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగని మనిషి, మాట మర్యాద. నా ఒకటిన్నర పేజీ పూర్తిగా చదివి, ఫోను తీసి టేబుల్ మీద పెట్టాడు. అతని కారు అద్దానికి కెమెరా ఉందట. అందరం వంగి చూశాం. రోడ్డు కనిపించింది. మా లారీ కనిపించింది. ఎడమ లైను కనుచూపు మేర ఖాళీగా కనిపించింది. ఒక మేక లేదు, ఒక కుక్క లేదు, ఎండిన ఆకు కూడా లేదు. లారీ మెల్లగా కుడికి జరిగింది, తర్వాత కెమెరా ఊగిపోయింది. ఒక ముసలావిడ "వామ్మో" అన్నది వినిపించింది.

"మేకలేవి రాజేశం?" అన్నాడు మేనేజరు. గొంతు మారిపోయింది. తప్పు చేసినవాడికి నెల రోజులు పాస్ ఆపుతారు, అబద్ధం చెప్పినవాడికి పాసే ఉండదు. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

రాజేశం కాక నా వైపు చూడలేదు. మేడం రాసింది అనలేదు. చేతులు కట్టుకుని తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. నేను నోరు తెరవాల్సిన సమయం అదే. వక్తృత్వ పోటీల్లో అంత మంది ముందు తెరిచిన నోరు ముగ్గురి ముందు తెరుచుకోలేదు.

పక్క గది లోంచి సుగుణక్క వచ్చింది. ఎవరూ పిలవలేదు. నేరుగా అతని దగ్గరికి పోయి, కిటికీ దగ్గర మాట్లాడినట్టే మెల్లగా అడిగింది.

"అన్నా, గప్పుడు నువ్వేం చూసినవ్?"

అతను చెప్పుల మీంచి చూపు ఎత్తి ఆమెను చూశాడు. తర్వాత, "మూడయింది చెల్లె," అన్నాడు. "షిఫ్టు ఇడిశిన్రు అనుకున్న."

మేనేజరుకూ నాకూ వెంటనే అర్థమైంది. కారాయనకు కాలేదు. ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఆ మలుపు దగ్గర ఒక భూగర్భ గని ఉండేది. పొద్దున దిగినవాళ్ళు మూడింటికి పైకి వచ్చేవాళ్ళు. నిద్ర చాలని కళ్ళతో, కొందరు బండ్ల మీద, కొందరు సైకిళ్ళ మీద ఇంటిదారి పట్టేవాళ్ళు. అలసిన మనిషి చేతిలో హ్యాండిల్ నిలవదు. అందుకని ఆ వేళకు ఆ మలుపులో బొగ్గు లారీలన్నీ ఎడమ లైను వాళ్ళకు వదిలి కుడికి జరిగేవి. ఎక్కడా బోర్డు లేదు, ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. పాత డ్రైవర్లు కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్పేవాళ్ళు. మూడింటికి ఎడమ లైను మనది కాదని. గని మూసేసి అప్పటికి ఏడాది. ఆ రోడ్డు మీద ఇప్పుడు షిఫ్టు లేదు, సైకిళ్ళు లేవు.

"మూసిన సంగతి నీకు తెలవదా మరి?" అన్నాడు కారాయన.

"తెలుసు సార్. చేతులకు తెలవది."

"ఇండికేటరన్నా వెయ్యాలె గదా."

"గప్పుడు అందరం ఒక్కసారే జరుగుతుంటిమి సార్. ఎనకొచ్చేటోళ్ళకు అందరికీ ఎరికే. ఎయ్యకుంటనే అలవాటైంది. తప్పు నాదే. అవ్వకు దెబ్బ తాకింది, అది నాతోటే అయింది."

"మరి ఈ మేకలు?"

సుగుణక్క అందుకున్నది. "మేకలు మా ఆఫీసువి సార్. అన్నయి కావు."

మేనేజరు దగ్గాడు. కారాయన ముఖం కొంచెం సడలింది, కానీ కరిగిపోలేదు. "మా అమ్మకు కుట్లు పడ్డయి. నేను కంప్లైంట్ వాపస్ తీసుకోను," అన్నాడు.

"తీసుకోకున్రి. నేనైనా తీసుకోకపోదును. ఇప్పుడు మీరు విన్నది గూడ కింద ఒక్క ముక్క రాయిన్రి."

ఆయన పెన్ను తీశాడు. నా ఒకటిన్నర పేజీని పక్కకు జరిపి, తన ఫిర్యాదు అడుగున రాశాడు. డ్రైవరు తన తప్పు ఒప్పుకున్నాడని, అబద్ధం చెప్పలేదని. అంతే. పాస్ నెల రోజులు ఆపి, తిరిగి ఇచ్చారు. ఆ మూడింటి ట్రిప్పు నుంచి అతన్ని తప్పించి కమాన్‌పూర్ వైపు వేశారు. మొదటిరోజు కిటికీ దగ్గరికి వచ్చి, "చెల్లె, కొత్త రోడ్డు. చేతులకు మల్ల అ ఆల కాడికెంచి నేర్పుతున్న," అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. నేను లెడ్జరులో తల దూర్చుకుని ఆ నవ్వు అయిపోయేదాకా కూర్చున్నాను.

నన్ను కాపాడింది కదా, కృతజ్ఞత ఉండాలి. లేదు. విచారణ అయిన సాయంత్రం, తాళాలు వేసేటప్పుడు ఆమెతో అన్నాను. "నీకు చదువు లేదు గనుక వాళ్ళు నీతోని మాట్లాడుతరు అక్కా. నీ ముందట సిగ్గుపడే పని లేదు వాళ్ళకు."

రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఆమె తాళం రెండుసార్లు లాగి చూసుకున్నది.

"అయితుండొచ్చు. నువ్వు అడుగుతవు, జవాబు గూడ నువ్వే చెప్తవు. ఇగ వాళ్ళెందుకు నడుమ?"

కోపం లేదు ఆ మాటలో. ఉంటే ఎంత బాగుండేది. మర్నాడు టీ తెప్పించి నాకు కూడా సగం పోసింది, ఏమీ జరగనట్టు.

నాలుగేళ్ళ కిందట సుగుణక్క నది అవతలి జైపూర్‌లో కూతురి ఇంట్లో పోయింది. మేం వెళ్ళేసరికి ఆ చిన్న ఊరి రోడ్డు పక్కన బొగ్గు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. డ్యూటీలో ఉన్న బండ్లు అలా ఆపకూడదు. ఎవరూ ఏమీ అనలేదు. రాజేశం కాక ఒక టైరుకు ఆనుకుని తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. నాకూ ఏడుపు వచ్చింది. అబద్ధం చెప్పను, ఆ లారీల వరస చూసి ముందు వచ్చింది మాత్రం కుళ్ళే. నా కోసం ఇన్ని ఆగుతాయా అని. ఆ తర్వాతే ఏడుపు.

ఇప్పుడు కిటికీ పక్క టేబుల్ నాది. కిటికీ తెరిచే ఉంచుతాను. ఫిర్యాదు వస్తే డ్రైవరును పిలిచి, గప్పుడు నువ్వేం చూసినవ్ అని అడిగి, నాలుక పళ్ళ కింద పెట్టుకుని కూర్చుంటాను. మొదట్లో ఆ కాసేపటి నిశ్శబ్దం నాకు శిక్షలా ఉండేది. కొంతమంది చెప్తారు. పోయిన నెల ఒకతను కాలి నొప్పి కూడా చెప్పాడు. అంతా చెప్పి, "సుగుణక్కకు చెప్తే పాణం ఇంకింత అల్కగ అయితుండె మేడం," అని నిట్టూర్చాడు. చీటీ చింపి ఇచ్చాను.

మొన్న ఆ లారీ వెనక పోతూ పోతూ పాత గని మలుపు దగ్గరికి వచ్చాను. గడియారం చూసుకోలేదు. ముందు లారీ నడిపేవాడు కొత్తవాడేమో, ఎడమ లైనులోనే సాగిపోయాడు. నేను మాత్రం కుడికి జరిగాను. ఎడమ పక్క ఆ లారీ తప్ప రోడ్డంతా ఖాళీ. జరిగాక చూస్తే మూడు దాటి రెండు నిమిషాలు. ఆ మలుపులో లారీ నడిపినదాన్ని కాను, అయినా నా చేతులకు ఎవరు నేర్పారో నాకు తెలుసు. కానీ ముందుగా అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, వెనక కారుకు తెలిసేలా తీరిగ్గా జరిగాను. ఆ ఒక్క విషయంలో రాజేశం కాక కంటే నేను నయం. సుగుణక్క కంటే ఏ విషయంలో నయమో ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను.